చలిమిడి సంచి

మీలో ఎవరైనా రేపు నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పబోతుంటే ఒక ముక్క వినండి. పిల్లల నోట్సు దిద్ది కింద సంతకం పెడతామే, అది చిన్న పని అనుకోకండి. నేను దగ్గర దగ్గర ముప్పై ఏళ్లు ఎర్ర సిరా పెన్ను పట్టుకున్నాను. ఎన్ని సంతకాలు పెట్టానో లెక్క లేదు. పెన్షన్ కాగితాల మీద ఎక్కడెక్కడ పెట్టానో కూడా ఇప్పుడు గుర్తు లేదు. ఒక్క సంతకం మాత్రం గుర్తుంది. అది ఉన్న కాగితం ఇప్పుడు లోకంలో లేదు, అయినా గుర్తుంది.

ఎనభైలలో మాట. నరసరావుపేటలో ఒక ధర్మకర్తల కమిటీ నడిపే చిన్న స్కూల్లో నేను ట్యూటర్‌ని. పదో తరగతి పాసైన పల్లెటూరి ఆడపిల్లలు వచ్చి, ఏడాదిన్నర హాస్టల్లో ఉండి, కాన్పులు చేయడం, టీకాలు వేయడం నేర్చుకుని, బోర్డు పరీక్ష రాసి వెళ్లేవారు. పరీక్ష పాసైతే సర్కారు ఉద్యోగం ఖాయమని ఊళ్లలో నమ్మకం. ఆ నమ్మకంతోనే తండ్రులు పాడిగేదెను అమ్మి మరీ చేర్పించేవారు. మొదట్లో అది నిజమే. తర్వాత పోస్టులు ఆగిపోయాయి. అంతకుముందు రెండు బ్యాచ్‌ల పిల్లలు సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెల్లో పెట్టుకుని మిరపకాయల కోతలకు పోతున్నారని మాకు తెలుస్తూనే ఉంది. తెలిసినా కొత్త బ్యాచ్‌ని చేర్చుకుంటూనే ఉన్నాం.

అప్పుడు పైనుంచి సైక్లోస్టైల్ కాగితాల కట్ట ఒకటి వచ్చింది. ఉద్యోగం రాని పిల్లలు తమ కాళ్ల మీద తాము నిలబడాలట. అందుకని వారానికి రెండు పీరియడ్లు ‘స్వయం ఉపాధి, ఎంటర్‌ప్రైజ్ నైపుణ్యాలు’ చెప్పాలట. మా ప్రిన్సిపాల్‌ని అందరం పెద్దమేడం అనేవాళ్లం. ఆమె స్టాఫ్ రూములో ఆ కట్ట పట్టుకుని ఎవరు చెబుతారని అడిగితే అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు. నేను కొత్తదాన్ని, పైగా నా గ్లాసు అప్పటికే ఖాళీ. మా నాన్నకు ఎడ్లపాడులో కిరాణా కొట్టు ఉందని ఆమెకు తెలుసు. వ్యాపారం నీ రక్తంలోనే ఉంటుందని చెప్పి కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆ కొట్టు దివాలా తీసి మూతపడి మూడేళ్లయిందని ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు.

పిల్లలకు ఎంటర్‌ప్రైజ్ అనే మాట నోరు తిరగలేదు. వారం గడవకముందే అది ‘ప్రైజు క్లాసు’ అయి కూర్చుంది. ఆయా కూడా గంట కొట్టి, ప్రైజు క్లాసుకు పోండే అని కేక వేసేది. ప్రైజూ లేదు, పాడూ లేదని అందరికీ తెలుసు. పేరు మాత్రం నిలిచింది.

ఆ కాగితాల్లో ఏముందంటారా? కోళ్ల ఫారం పెట్టడం, కుట్టుమిషను కొనుక్కోవడం. కాన్పుల పని గురించి ఒక్క ముక్క లేదు. సరుకు సిద్ధం చేసుకో, అవసరం పడకముందే కొనేవాడి గుమ్మం తొక్కు, ధర మొదటే చెప్పు, బోర్డు పెట్టు. ఇదీ సారం. బోర్డు అనగానే పిల్లలు ‘ఇచ్చట కాన్పులు చేయబడును’ అని రాసుకుని పడీపడీ నవ్వారు. నేను కోప్పడ్డాను గానీ నాకూ నవ్వొచ్చింది.

చివరికి ఆ కాగితాలను మా పనికి ఇలా అతికించాను. తెల్లగుడ్డ సంచి ఒకటి. అందులో కొత్త బ్లేడు, బొడ్డుకు కట్టే దారం, దూది ఉండలు, సబ్బుముక్క, కింద పరిచే గుడ్డ. ఊళ్లో మంత్రసాని కాన్పు చేసినా సరే, కొడవలితో బొడ్డు కోయకుండా ఉంటే చాలని నా ఆశ. పుట్టిన వారానికే ధనుర్వాతంతో దవడలు బిగుసుకుపోయి పాలు తాగలేని పిల్లల్ని మేము వార్డులో చూస్తూనే ఉన్నాం. నెలలు నిండకముందే ఇంటింటికీ తిరిగి ఈ సంచి అమ్మమన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆరు వారాల ఫీల్డు పోస్టింగులో శావల్యాపురం చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగారు. ఒక్క సంచీ అమ్ముడుపోలేదు. ఇలా కాదని ఒకరోజు నేనే పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ సంచి విప్పి చూసి, బ్లేడు పట్టుకుని మా మొహాల వంక చూసింది.

“కడుపుతో ఉన్న పిల్ల తిరిగే ఇంట్లోకి తెల్లగుడ్డా, బ్లేడూ తెస్తారంటమ్మా? ఏందే మీ చదువు? ఎవరికి కప్పటానికి తెచ్చారు ఇది?”

సంచి తీసుకెళ్లి వాకిట్లో పెట్టింది. విసిరేయలేదు, అదే మర్యాద.

తప్పు నూటికి నూరుపాళ్లు నాది. పుట్టబోయే బిడ్డకు ముందుగా ఏదీ కొనకూడదన్నది నాకు తెలియని సంగతా? నా కాన్పుకు ముందు మా అమ్మ ఉయ్యాల గుడ్డ కూడా ఉతకనివ్వలేదు. కానీ చేతిలో సైక్లోస్టైల్ కాగితం ఉంటే పుట్టి పెరిగిన బుద్ధి కూడా పనిచేయదు, ఇది మీరు రాసిపెట్టుకోండి.

ఆ బ్యాచ్‌లో నూజెండ్ల వైపు నుంచి వచ్చిన దూదేకుల వారి అమ్మాయి ఒకతి ఉండేది. తండ్రి దూది ఏకి, ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. చదువులో మరీ ముందూ కాదు, వెనకా కాదు. మాట మాత్రం గుండ్రాయిలా ఉండేది. సంచులన్నీ తిరిగొచ్చాయని నేను క్లాసులో తల పట్టుకుని కూర్చుంటే, వెనక బెంచీలోంచి లేచింది.

“బిడ్డకంటే కొనరు మేడం, తల్లికైతే పెడతారు గదా. చలిమిడి తెచ్చేటప్పుడు చీరే, గాజులూ తెస్తారు. అది ముందుగా తెచ్చారని ఎవరూ అనరు. మన సంచి కూడా ఆ పళ్లెంలో పెట్టిద్దాం. తెల్లగుడ్డ వొద్దు, పసుపు నీళ్లల్లో ముంచుదాం.”

క్లాసులో అందరూ ఒకేసారి మాట్లాడారు. మీ తరానికి తెలుసో లేదో, కూతురికి నెలలు నిండుతుంటే పుట్టింటివాళ్లు చలిమిడి చేసుకుని వెళ్తారు. కడుపు చల్లగా ఉండాలని అది తినిపించి, గాజులు తొడిగి, పురిటికి తీసుకొస్తారు. ఆ పళ్లెంలో ఉన్నది తల్లికిచ్చే సారె. దాన్ని ఏ ముసలమ్మా తప్పుపట్టదు. నేను రెండు నెలలు బుర్ర బద్దలు కొట్టుకున్నది ఆ పిల్ల రెండు మాటల్లో తేల్చేసింది.

సంచికి ఎర్రతాడు ఎక్కించారు. దూది ఆ పిల్ల తండ్రి ఏకి పంపాడు, శుభ్రంగా, తెల్లగా. మిగిలింది క్రిములు చంపడం. పుస్తకంలో ఆటోక్లేవ్ అని ఉంది. పల్లెలో ఆటోక్లేవ్ ఎక్కడ తెస్తారు? అక్కడ నా తెలివి కాస్త పనిచేసింది. ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టండి అన్నాను. రేకుల మీద పొట్లాలు పెట్టి, మూత మీద బరువు పెట్టి, ఇడ్లీ ఉడికే టైముకు మూడింతలు ఉంచాలి, తీసి ఎండలో ఆరబెట్టాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా సొంతం. ఆ పిల్ల నోట్సులో ఇడ్లీ పాత్ర బొమ్మ వేసింది. ఆవిరి పైకి పోతున్నట్టు గీతలు గీసి, కింద ‘మేడం చెప్పిన పద్ధతి’ అని రాసింది. నేను టిక్కు పెట్టి, వెరీ గుడ్ అని రాసి, నిండుగా సంతకం చేసి తేదీ వేశాను. నేను చెప్పిన ఆ సంతకం అదే.

సెలవులకు ఊరికి పోయేముందు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, మా ఊళ్లో కూడా ఈ సంచులు ఇవ్వొచ్చా మేడం అని అడిగింది.

“ఇవ్వు. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు” అన్నాను.

ఆ మాట ఎంత ధీమాగా అన్నానో! పక్కన ఆయా కూడా ఉంది.

సంచులు అమ్ముడుపోయాయి. చుట్టుపక్కల పల్లెల్లో గాజులమ్మే ఆమె తన మలారంతో పాటు వీటినీ తిప్పేది. కూతుళ్లకు చలిమిడి తీసుకెళ్లే తల్లులు తామే వచ్చి అడిగి తీసుకెళ్లేవారట. ఆ పిల్ల ఇంకో పని చేసింది, అది నేను చెప్పలేదు. ప్రతి సంచిలో ఒక చీటీ పెట్టింది. రక్తం ఆగకపోయినా, మొహం వాచినా, ఫిట్స్ వచ్చినా మంత్రసానిని నమ్ముకుని కూర్చోవద్దు, వెంటనే నరసరావుపేట పెద్దాసుపత్రికి పోండి అని. కింద బస్సు టైములు. చదువురాని వాళ్ల కోసం బస్సు బొమ్మ. నాకు చూపిస్తే భేష్ అన్నాను.

ఆ చీటీయే కొంప ముంచింది. ఆ పల్లెలకూ పేటకూ మధ్య ఒక నర్సింగ్ హోం ఉండేది. కష్టమైన కాన్పులు అంతకుముందు అక్కడ ఆగేవి. ఇప్పుడు చీటీ పట్టుకుని నేరుగా బస్సెక్కేస్తున్నారు. ఆ నర్సింగ్ హోం డాక్టరుగారు మా స్కూలు కమిటీలో మెంబరు. మీకు ఇక వేరే చెప్పాలా?

కంప్లైంటు పొద్దున్నే వచ్చింది. స్టూడెంటు స్కూలు పేరు చెప్పి మందుల సామాను అమ్ముతోంది, ఇడ్లీ పాత్రలో ఉడికించిన బ్లేళ్లు ఇస్తోంది, దానివల్ల ఒక బాలింతకు జ్వరం వచ్చింది, నాలుగు రోజుల్లో విచారణ. పెద్దమేడం మమ్మల్నిద్దరినీ పిలిచి కాగితం చదివి వినిపించింది. బోర్డు పరీక్షకు నెలన్నర ఉంది. హాల్ టికెట్ కమిటీ సంతకం మీద వస్తుంది. అది ఆగితే ఏడాదిన్నర చదువు గంగలో కలిసినట్టే. ఆ పిల్ల నా మొహం వంక చూసింది. నేను పెద్దమేడం చేతిలో కాగితం వంక చూశాను.

ఆ రోజు మూడో పీరియడ్ క్లాసులోకి పోయి, బీరువాలోంచి రోలర్ బ్యాండేజీలు తీయించి మోచేతికి కట్టు కట్టడం నేర్పించాను. పరీక్షల్లో తప్పక అడుగుతారని చెప్పాను. తర్వాత మూడు రోజులూ ఆ పిల్ల ఎదురుపడే వరండా వదిలేసి, వంటగది వెనక నుంచి తిరిగి స్టాఫ్ రూముకు వెళ్లాను.

విచారణ రోజు పెద్దమేడం నన్ను పక్కకు పిలిచింది. నీకు కన్ఫర్మేషన్ ఇంకా రాలేదు, ఎక్కువ మాట్లాడకు, కాగితాల్లో ఏముందో అంతవరకే చెప్పు అంది. ఆమె చెడ్డది కాదు. నా మీద జాలితోనే చెప్పింది. మా ఆయన పనిచేసే జిన్నింగు మిల్లు మూతపడి అప్పటికి ఆర్నెల్లు, ఇంట్లో నా జీతమే జీతం, ఇద్దరు పిల్లలు. ఇవన్నీ నిజాలే. ఇన్నేళ్లుగా వీటిని వరసగా పేర్చుకుని చూస్తున్నాను, ఎన్నిసార్లు పేర్చినా సరిపోవడం లేదు.

గదిలో ముగ్గురు కూర్చున్నారు. కమిటీ ప్రెసిడెంటు, డాక్టరుగారు, పెద్దమేడం. ఆ పిల్ల నోట్సు చేతిలో పట్టుకుని నిలబడింది. ఖాకీ కాగితం అట్ట వేసిన నోట్సు. దూరం నుంచే గుర్తుపట్టాను. నా సంతకం అందులోనే ఉంది. బయట వరండాలో వాళ్ల నాన్న తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరుగారు బాలింత జ్వరం గురించి అడిగారు. తను పోయి చూశానని, పాలు గడ్డకట్టి జ్వరం వచ్చిందని, పిండిస్తే రెండో రోజుకు తగ్గిందని ఆ పిల్ల చెప్పింది. నువ్వేమన్నా డాక్టరువా అన్నారాయన. అంతటితో ఆ సంగతి అయిపోయింది. ఆ బాలింతను చూసి రమ్మని ఎవరినీ పంపలేదు. నేనన్నా పోయి చూడాల్సింది, పోలేదు.

“ఇడ్లీ పాత్రలో ఉడకబెట్టమని నీకెవరు చెప్పారు?” అన్నాడు ప్రెసిడెంటు.

ఆ పిల్ల నా వైపు చూడను కూడా లేదు. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు అన్నాను కదా, అడిగారు కదా, అయినా చెప్పలేదు. ఆయన నా వైపు తిరిగి, మీరేమన్నా చెప్పారామ్మా అన్నాడు.

“కాగితాల్లో ఉన్నదే నేను చెప్పానండీ.”

ఇప్పటికీ ఆ వాక్యం తీసి చూస్తుంటాను. పైకి అందులో అబద్ధం కనపడదు. కాగితాల్లో ఉన్నది నేను చెప్పిన మాట నిజమే. లేనిది కూడా చెప్పానా అని ఎవరూ అడగలేదు. అంత నేర్పుగా మాట పేర్చడం నాకు చేతనవునని ఆ రోజు వరకూ నాకే తెలియదు.

ప్రెసిడెంటు నోట్సు ఇటివ్వమన్నాడు. పేజీ పేజీ తిప్పాడు. టీకాల పాఠం, కాన్పు పాఠం, చలిమిడి సంచి బొమ్మ, ఆ తర్వాత బాలింత ఆహారం. ఇడ్లీ పాత్ర రాలేదు. ఇడ్లీ పాత్ర సంగతి ఇందులో ఏమీ లేదే అని మూసి బల్ల మీద పెట్టాడు. ముందు నాకు కలిగింది హాయి. చల్లటి మంచినీళ్లు తాగినట్టుంది. సిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది.

స్కూల్లో చెప్పని పని స్టూడెంటు సొంతంగా చేసిందని రాసుకున్నారు. హాల్ టికెట్ ఆపేశారు. నేను బయటికొస్తే వాళ్ల నాన్న లేచి నిలబడి చేతులు జోడించాడు.

“అమ్మా, నువ్వు చెప్పు. మా పిల్ల తప్పు చేసిందా?”

“రూల్సు అలా ఉన్నాయి నాయనా” అన్నాను.

రూల్సంట రూల్సు! ఆయన ఆ మాట నమ్మాడు. ఇన్నాళ్లూ మా పిల్లకు మంచి చెప్పావమ్మా అని నాకే దణ్ణం పెట్టి, ట్రంకుపెట్టె భుజాన వేసుకుని కూతుర్ని తీసుకుని బస్టాండు వైపు నడిచాడు. ఆయా గేటు వేస్తూ నన్నొక చూపు చూసింది. ఆ తర్వాత ఆమె రిటైరయ్యేదాకా నాకు టీ తెచ్చిచ్చింది గానీ, పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

నోట్సు బల్ల మీదే ఉండిపోయింది. సాయంత్రం తెచ్చుకుని చూశాను. సంచి బొమ్మకూ బాలింత ఆహారానికీ మధ్య ఒక కాగితం లేదు. చింపినట్టు లేదు. కుట్టు వదలకుండా, అంచు పీలిక కూడా మిగలకుండా కొత్త బ్లేడుతో కోసింది. బొడ్డు ఎంత శుభ్రంగా కోయాలో నేనే నేర్పాను.

ఆ ఏడాదే నాకు కన్ఫర్మేషన్ వచ్చింది. ప్రైజు క్లాసు టైంటేబుల్లోంచి పోయింది. కొన్నేళ్లకు సర్కారే అలాంటి సంచులు పంచడం మొదలుపెట్టింది. పల్లెటూళ్ల మంత్రసానులకు వాటి వాడకం నేర్పడానికి నన్నే పిలిచారు, అప్పటికి నేనే పెద్దమేడాన్ని. ఆ ట్రైనింగు ఆఖరిరోజు శాలువా కప్పారు. ఈ విషయంలో మేడంగారు చాలా ముందుచూపు గలవారని మైకులో చెప్పారు. నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను. ఆ శాలువా బీరువాలో ఉంది. ఎప్పుడూ కప్పుకోలేదు, అలాగని పారేయనూ లేదు.

రిటైరయ్యాక మాచర్లలో మా అమ్మాయికి కాన్పు అయింది. పసిదానికి మెత్తటి చిన్నపరుపు కావాలని బజారుకు పోతే ఒక దూది కొట్టు చూపించారు. లోపల పరుపుకు సూది వేస్తున్న మనిషి తలెత్తి, రండి మేడం అంది. జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి. మాట వినగానే గుర్తుపట్టాను.

“పుట్టిందా, పుట్టబోయిద్దా మేడం? ముందుగా అయితే నేను ఇవ్వను.”

పుట్టి పదకొండు రోజులైందన్నాను. నవ్వి, స్టూలు వేసి కూర్చోమంది. భర్తా తనూ కొట్టు నడుపుతున్నారట, నాన్న పోయాడట. ఇప్పటికీ పసిపిల్లల పరుపు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు బిడ్డ ఒళ్లు కాలుతోందనో, పాలు తాగడం లేదనో చెబితే ఏ ఆసుపత్రికి పోవాలో చెప్పి పంపుతుందట. దూది తూస్తూ ఇవన్నీ చెప్పింది. ఆ రోజు మాట మాత్రం ఎత్తలేదు. నేనే ఎత్తాను. నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెబితే మీ ఉద్యోగం పోద్ది. మీ ఉద్యోగం పోతే నాకు హాల్ టికెట్ వచ్చిద్దా మేడం?” అంది. కోపంగా అనలేదు, వ్యాపారం మాట మాట్లాడినట్టే అంది.

నాకు అర్థం కానిది ఇంకొకటి ఉంది. విచారణ గదిలోకి వచ్చేసరికే ఆ కాగితం లేదు. అప్పటికి నేను నోరు తెరవలేదు, ఏం చెబుతానో ఇంకా ఎవరికీ తెలియదు. మరి ముందే ఎందుకు కోశావని అడిగాను.

తను దూది పరవడం ఆపి, కళ్లద్దాలు తీసి, చీర కొంగుతో తుడుచుకుంది.

“నోటీసు వచ్చిన రోజు మూడో పీరియడ్ మనకు ప్రైజు క్లాసు మేడం. మీరొచ్చి బ్యాండేజీ కట్టటం చెప్పారు. మధ్యాన్నం అన్నానికి వదలంగానే హాస్టలుకు పోయి బ్లేడు తీసుకున్నా.”